ప్రార్థనకు ముందు పావుగంట

ఈ సంవాదంలో ఇద్దరే ఉంటారు. ఒకాయన పల్నాడులో ఓ పల్లె సంఘానికి ముప్పయ్యేళ్లుగా పాస్టరు. రెండో మనిషి ఆయన మేనకోడలు, సర్కారు ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో కౌన్సెలర్. ఇద్దరినీ నేనే కల్పించాను. వాళ్ల నోట పలికించిన మాటలు మాత్రం చర్చి వరండాల్లో, ఓపీ గది బయట బెంచీల మీద రోజూ వినపడేవే. నేనెవరి పక్షమో ముందే చెప్పేస్తాను: మేనకోడలి పక్షం. అలాగని మావయ్య నోరు కట్టేసి ఆమెను గెలిపిస్తే అది సంవాదం అనిపించుకోదు. ఆయన దగ్గరా గట్టి మాటలున్నాయి.

మావయ్య: మా పాస్టర్ల ఫెలోషిప్పులో వచ్చే నెల కౌన్సెలింగ్ మీద శిక్షణ పెడతారట. నిన్ను పిలుద్దామన్నారు. నేనే వద్దన్నాను.

మేనకోడలు: అదేంటి మావయ్యా?

మావయ్య: నువ్వేం చెబుతావో నాకు తెలుసు గనక. సలహా ఇవ్వొద్దంటావు. వాక్యం ఎత్తొద్దంటావు. వాళ్లు చెప్పిందే తిరిగి వాళ్లకు అప్పజెప్పమంటావు. పొద్దున్నే ఆరింటికి ఒకామె గేటు దగ్గర నిలబడి ఉంటుంది. కొడుకు తాగొచ్చి ఇంట్లో సామాను పగలగొట్టాడు. ‘ఏం చేయమంటారు అయ్యగారూ’ అని అడుగుతుంది. ‘నీకు చాలా బాధగా ఉన్నట్టుందమ్మా’ అని నేనంటే, ఆ సంగతి నాకు తెలీదా అనుకుని పక్కూరి ప్రార్థన మందిరానికి పోతుంది.

మేనకోడలు: మీరేం చేస్తారు మరి?

మావయ్య: కూర్చోబెడతాను. ప్రార్థన చేస్తాను. ఒక వాక్యం చదివి ధైర్యం చెబుతాను. సాయంత్రం కొడుకుని పిలిపించి గడ్డి పెడతాను.

మేనకోడలు: మొత్తం ఎంతసేపు పడుతుంది?

మావయ్య: పది నిమిషాలు. బయట ఇంకో నలుగురుంటారు.

మేనకోడలు: ఆ పది నిమిషాల్లో ఆమె మాట్లాడింది ఎంతసేపు?

మావయ్య: ఏం జరిగిందో చెప్పింది కదా.

మేనకోడలు: సామాను పగిలిన సంగతి చెప్పింది. ఆమె మీద చెయ్యి చేసుకున్నాడేమో చెప్పిందా? కోడలు పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయిందేమో చెప్పిందా? రాత్రి ఎక్కడ పడుకుందో మీరు అడిగారా? మీరు కళ్లు మూసుకుని ప్రార్థన మొదలెట్టగానే ఆమె నోరు మూతపడుతుంది. మన సంఘాల్లో కూటమైనా, పెళ్లి మాటలైనా, ఇల్లు చూడ్డానికి వచ్చినా ఆఖర్న చేసేది ప్రార్థనే. అది అయిందంటే ఇక లేవాలి. వచ్చీరాగానే చేశారంటే గాయం కడక్కుండా కట్టు కట్టినట్టే.

(పాస్టర్లనే అనడానికి లేదు. సిద్ధాంతి ఫలానా శాంతి చేయించమన్నా, మౌల్వీ తావీజు చేతికిచ్చినా ఇదే జరుగుతుంది. డాక్టరు చీటీ రాయడం మొదలెట్టినప్పుడూ ఇంతే. చెప్పాల్సిన అసలు సంగతి రోగి గొంతులోనే ఉండిపోతుంది.)

మావయ్య: కనపడుతున్న కష్టానికి ఆరాలెందుకు? ఆమెకేం కావాలో చూస్తూనే తెలుస్తోంది.

మేనకోడలు: బర్తిమయి గుడ్డివాడని యెరికోలో అందరికీ తెలుసు. అయినా ‘నేను నీకేం చేయాలని కోరుతున్నావు’ అని యేసు అతణ్ణి అడిగాడు కదా. మీరే ప్రసంగాల్లో చెబుతారు.

మావయ్య: నాకే వాక్యం చెబుతున్నావా? సరే, ప్రార్థన మానమంటావు, అంతేనా?

మేనకోడలు: మానమనలేదు, చివర చేయమంటున్నా. ముందు ఒక పావుగంట వినండి. మీరు నిజంగా విన్నారో లేదో ఆ ప్రార్థనలోనే తెలిసిపోతుంది. ‘ఈ కుటుంబానికి సమాధానం దయచేయి తండ్రీ’ అంటే అది ఏ ఇంటికైనా సరిపోతుంది. ‘రాత్రి రెండింటిదాకా చలిలో వాకిట్లో కూర్చున్న ఈ తల్లి, ఇవాళ ఇంటికి పోవాలంటే కాళ్లు రావడం లేదంటోంది ప్రభువా’ అన్నారనుకోండి. ఆ మాట ఆమెదే. మీరు మర్చిపోకుండా దేవుడి ముందు పెట్టారు. మేం క్లాసుల్లో నెలల తరబడి నేర్చుకునేది ఈ పనే. ఎదుటివాళ్లు చెప్పింది మనకు అందిందని వాళ్లకు తెలియజేయడం. మేం చేస్తే అది కాస్త కృతకంగా ఉంటుంది, మీరన్నట్టు ‘ఆ సంగతి నాకు తెలీదా’ అనిపిస్తుంది. మీరు ప్రార్థనలో చేస్తే అలా అనిపించదు. మా దగ్గర లేని పనిముట్టు మీ చేతిలో ఉంది. తొందరపడి దాన్ని మొద్దు చేసుకుంటున్నారు.

మావయ్య: ఇది బాగుంది. ఇది మావాళ్లకు ఎక్కుతుంది. కానీ ఒక చిక్కు. నేనలా ప్రార్థించేటప్పుడు పక్కన సంఘపెద్ద కూర్చుని ఉంటాడు.

మేనకోడలు: ఆయనెందుకు అక్కడ?

మావయ్య: ఆడమనిషితో నేనొక్కణ్ణే కూర్చుంటే ఊరు ఊరుకుంటుందా? నీ గదికి తలుపుంది. నాకున్నది వరండా.

మేనకోడలు: అక్కడ మీరే రైటు. మూసిన గదిలో కూర్చోమని ఎవరు చెప్పినా వినకండి, మీ మంచికీ కాదు, ఆమె మంచికీ కాదు. నలుగురికీ కనపడాలి, ఒక్కరికీ వినపడకూడదు. వరండా ఆ చివర రెండు కుర్చీలు వేసుకోండి. అత్తయ్య వంటింటి గుమ్మంలో కూరలు తరుగుతూ ఉంటుంది. సంఘపెద్ద గేటు దగ్గర ఉంటే చాలు. అంతకంటే ముందు ఆదివారం ప్రార్థన మనవుల సంగతి తేల్చండి. ‘ఫలానా సోదరి కుమార్తె వైవాహిక జీవితంలో సమస్యల నిమిత్తం’ అని మైకులో చదువుతారు. మధ్యాహ్నానికల్లా అది వాట్సాప్ గ్రూపులో తిరుగుతుంది. ప్రార్థించేవాళ్లు ఎందరో గానీ ఆరా తీసేవాళ్లు చాలామంది.

మావయ్య: ఆ మనవి రాసిచ్చింది వాళ్లమ్మే.

మేనకోడలు: కాపురం అమ్మది కాదుగా. కూతుర్ని అడిగారా? ‘ఇది మన మధ్యే ఉంచమంటావా, సంఘంలో చెప్పమంటావా’ అని ఒక్క మాట అడగండి. ప్రసంగంలో ‘మన మధ్య ఒక సోదరుడున్నాడు’ అంటూ ఉదాహరణలు చెబుతారే, అవీ మానాలి. రెండు వందల గడపల ఊళ్లో పేరు చెప్పకపోతే మాత్రం ఎవరికి తెలియదు?

మావయ్య: నువ్వు చెప్పేవన్నీ దొరల పద్ధతులమ్మాయ్. గంట లెక్కన ఫీజు కట్టి సోఫాలో కూర్చుని మాట్లాడుకునే దేశాలవి.

మేనకోడలు: దొరలవే. కానీ ఆ దొరల్లో మీ పంక్తిలో కూర్చోదగ్గవాళ్లు ఎందరో ఉన్నారు. ఎదుటి మనిషిని తీర్పు తీర్చకుండా వినాలని చెప్పిన కార్ల్ రోజర్స్, సైకాలజీకి రాకముందు న్యూయార్క్‌లో వేదాంత కళాశాలలో రెండేళ్లు చదివాడు. ఆంటన్ బోయ్‌సెన్ అని ఒక పాస్టరు ఉండేవాడు. 1920లో మతి చెదిరి ఆయనే పిచ్చాసుపత్రిలో ఉన్నాడు. కోలుకుని, 1924లో మసాచుసెట్స్‌లోని వూస్టర్ మానసిక ఆసుపత్రిలో చాప్లిన్‌గా, అంటే ఆసుపత్రి పాస్టరుగా చేరాడు. మరుసటేడు వేదాంత విద్యార్థుల్ని వార్డుల్లోకి తీసుకొచ్చాడు. గ్రంథాలు చదివినంత శ్రద్ధగా మనుషుల్నీ చదవండని వాళ్లకు చెప్పాడు. ఇవాళ ప్రపంచమంతటా ఆసుపత్రి చాప్లిన్లకు ఇచ్చే శిక్షణ అక్కణ్ణించి వచ్చిందే.

మావయ్య: అంటే మా ఇంట్లోంచి పట్టుకెళ్లిందే మాకు తిరిగి అమ్ముతున్నారన్నమాట. సరే, నా మాటా విను. నీ డాక్టరు రోగిని ఎంతసేపు చూస్తాడు? నెలకోసారి, ఐదు నిమిషాలు. రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే ఎత్తుతాడా? ఊళ్లో మనిషి పోతే శవం పక్కన తెల్లార్లూ కూర్చునేది ఎవరు? నేను. చావింట్లో నేనసలు మాట్లాడను. ఆ మనిషి భార్య ఏడుస్తుంది, తిడుతుంది, దేవుణ్ణీ తిడుతుంది. అననిస్తాను. తెల్లారాక ఒక కీర్తన చదివి లేస్తాను. యోబు స్నేహితులు కూడా ఏడు పగళ్లు ఏడు రాత్రులు నోరెత్తకుండా కూర్చున్నంతవరకూ బాగానే ఉన్నారు. నోళ్లు తెరిచాకే చెడింది.

మేనకోడలు: మావయ్యా, నేను రెండు గంటలు మాట్లాడి చెప్పాలనుకున్నది ఇదే. మీకు ఈ విద్య రాదని కాదు. చావింట్లో వస్తుంది, బతికున్నవాళ్ల దగ్గర మర్చిపోతారు. చావుకి జవాబు లేదని మీకు తెలుసు కాబట్టి అక్కడ ఊరుకుంటారు. తాగుబోతు కొడుక్కి, పెళ్లికాని కూతురికి, అప్పుకి మీ దగ్గర జవాబుందనుకుంటారు. అందుకే తొందర.

(మావయ్య దీనికి జవాబు చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేది. ఆయన సంకోచం నాకు అర్థమైంది: జవాబు లేని పాస్టరుకు కానుక ఎవరేస్తారు?)

మావయ్య: మందిరంలో ఉంటే బాగుపడ్డవాళ్లు లేరంటావా?

మేనకోడలు: ఉన్నారు. మీ పక్షాన సాక్ష్యం నేనే ఇస్తాను. తమిళనాడులో ముత్తుస్వామి గుడి ఒకటుంది. మతి స్థిమితం లేనివాళ్లను అక్కడికి తెచ్చి ఉంచుతారు. బెంగళూరు నిమ్హాన్స్ డాక్టరు ఒకాయన తోటివాళ్లతో కలిసి అక్కడికొచ్చిన 31 మందిని పరిశీలించాడు. వాళ్లు సగటున ఆరు వారాలున్నారు. మందుల్లేవు, భూతవైద్యాల్లేవు. పొద్దున చిన్న పూజ, తర్వాత ఊడవడం, మొక్కలకు నీళ్లు పోయడం, పక్కన సొంత మనిషి తోడు. జబ్బు లక్షణాలు దాదాపు అయిదో వంతు తగ్గాయి. 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది.

మావయ్య: చూశావా మరి!

మేనకోడలు: చూశాను. ఏర్వాడినీ చూడండి. అదీ తమిళనాడే. దర్గా దగ్గర నయమవుతుందని తెచ్చినవాళ్లను పాకల్లో గొలుసులతో కట్టేసి ఉంచారు. 2001 ఆగస్టు 6న నిప్పంటుకుంది. కదల్లేక 28 మంది చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం గొలుసులు వేయడాన్ని నిషేధించింది. రెండు చోట్లా విశ్వాసం ఉంది మావయ్యా. ఒక చోట మనిషిని మనిషిగా ఉంచారు.

మావయ్య: నేనెవరినీ కట్టేయలేదు.

మేనకోడలు: లేదు. కానీ స్వస్థత కూటంలో సాక్ష్యం చెప్పించి, మాత్రలు మాన్పించిన పాస్టర్లను మీరెరుగుదురు. మూర్ఛ మందు ఒక్కసారిగా ఆపితే ఫిట్సు ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. మాత్ర వేసుకుంటే విశ్వాసం తక్కువైనట్టు కాదని మీరొక్కరు పల్పిట్ మీద నుంచి అంటే, నేను ఏడాదంతా చెప్పినదానికంటే ఎక్కువ పనిచేస్తుంది. గుజరాత్‌లో ఉనావా దర్గా దగ్గర ముజావర్లు, అంటే దర్గా సేవకులు, దువా చేస్తూనే రోగుల్ని అక్కడే ఉన్న మానసిక వైద్యుడి దగ్గరికి పంపుతున్నారు. ఎవరి విశ్వాసమూ తగ్గలేదు.

మావయ్య: మాత్రల సంగతి ఒప్పుకున్నా. పాతవాడినే గానీ మూర్ఖుణ్ణి కాను. అసలు నాకు భయం వేసేది వేరే. మిర్చి ధర పడిపోయినప్పుడు, పత్తి చేను ఎండిపోయినప్పుడు కొందరు వచ్చి ఊరికే కూర్చుంటారు. ఏమీ మాట్లాడరు. ఒక్కోసారి ‘ఇంకెందుకయ్యగారూ’ అంటారు. నాకు వెన్నులో చలి పుడుతుంది. కానీ ఆ మాట నోటితో అడగకూడదు, లేని ఆలోచన బుర్రలో పెట్టినట్టవుతుంది.

మేనకోడలు: అవదు. అందరూ అలాగే అనుకుంటారు, కానీ అడిగితే ఆలోచన పుట్టదని పరిశోధనల్లోనూ తేలింది. చాలామందికి అడిగితే బరువు దిగినట్టుంటుంది. ‘ఇంత కష్టంలో కొంతమందికి చచ్చిపోవాలనిపిస్తుంది, నీకలా అనిపిస్తోందా’ అని సూటిగా అడగండి. తిప్పి తిప్పి ‘అలాంటి పిచ్చి ఆలోచనలేం లేవు కదా’ అంటే, లేదనే చెబుతాడు. ఉందంటే కంగారు పడకుండా తర్వాతి ప్రశ్న: ‘ఎలా అనుకున్నావు?’ మన వైపు చాలామంది చెప్పే జవాబు మీకు తెలుసు. మంచం కింద పురుగుమందు డబ్బా. అది ఆ రోజే ఆ ఇంట్లోంచి బయటికి రావాలి. మీరే వెంట వెళ్లి తెచ్చేయండి. ఆ రాత్రి అతణ్ణి ఒంటరిగా వదలొద్దు. పక్కన కూర్చుని 14416 కలపండి. టెలిమానస్, ఏ వేళప్పుడైనా పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు. పోలీసు కేసవుతుందన్న భయంతో ఇంట్లోవాళ్లు దాస్తారు. ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఆ పని చేశాడనే భావించాలని, శిక్షించకూడదని 2017 చట్టంలోనే ఉంది. అది కూడా వాళ్లకు చెప్పండి.

మావయ్య: ఆత్మహత్య మహాపాపమని, నరకానికి పోతావని నేను గట్టిగా చెబుతాను. ఆ భయంతో ఆగినవాళ్లున్నారు.

మేనకోడలు: ఉండొచ్చు. ఆ భయంతో మీ దగ్గర నోరు విప్పనివాళ్ల లెక్క మీకు తెలియదు కదా. ఇంగ్లండులో చాడ్ వారా అని ఒక ఫాదర్. 1935లో, కొత్తగా పనిలో చేరినప్పుడు ఆయన చేయించిన మొదటి సమాధి ఒక పద్నాలుగేళ్ల పిల్లది. ఆ పిల్ల పెద్దమనిషి అయింది. అదేమిటో చెప్పేవాళ్లు లేక ఏదో చెడ్డ రోగం అనుకుని ప్రాణం తీసుకుంది. అడగడానికి ఒక్క మనిషి ఉంటే బతికేది. ఆ సంగతి ఆయన్ని వదల్లేదు. 1953లో లండన్‌లోని తన చర్చిలో ఒక ఫోను పెట్టి, చావాలనుకునేవాళ్లు ఎవరైనా చేయమన్నాడు. సమారిటన్స్ సంస్థ అలా పుట్టింది. అందులో తమాషా ఏమిటంటే, ఆయన్ని కలవడానికి వచ్చినవాళ్లు బయట వేచి ఉండేవాళ్లు. వాళ్లకు టీ ఇవ్వడానికి కొంతమంది మామూలు మనుషులు ఉండేవాళ్లు. టీ తాగుతూ వాళ్లకే అంతా చెప్పుకుని, చాలామంది ఫాదర్‌ని కలవకుండానే వెళ్లిపోయేవాళ్లు. సలహా ఇవ్వగలిగిన తనకంటే టీ ఇచ్చినవాళ్లే ఎక్కువ పనికొస్తున్నారని ఆయన గ్రహించి, ఆ పనే వాళ్లకు అప్పగించాడు.

మావయ్య: ఏలీయా.

మేనకోడలు: ఏంటి మావయ్యా?

మావయ్య: బదరీ చెట్టు కింద కూర్చుని, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు. అంత పెద్ద ప్రవక్త. దేవుడు అప్పుడు పాపమనలేదు. నరకమనలేదు. నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి లేపి రొట్టె పెట్టాడు, నీళ్లిచ్చాడు. మళ్లీ పడుకున్నాడు, మళ్లీ లేపి పెట్టాడు. నలభై దినాలు నడిచాక కదా, ఇక్కడేం చేస్తున్నావని అడిగింది. దీని మీద ఎన్నో ప్రసంగాలు చేశాను, హోరేబులో మెల్లని స్వరం మీద. రొట్టె మీద ఒక్కటీ చేయలేదు.

మేనకోడలు: శిక్షణలో ఆ ప్రసంగం మీరే చేయండి. నాకంటే మీరు చెబితేనే వింటారు.

మావయ్య: ఉండు, అంత త్వరగా నన్ను కలిపేసుకోకు. మొగుడు కొడుతున్నాడని వచ్చిన పిల్లకు నేను సర్దుకుపొమ్మంటే నీకు కోపం. తెలుసు. ఎక్కడికి పొమ్మనను? పుట్టింట్లో అన్నావదినలు రానివ్వరు. నేను వాణ్ణి పిలిచి నలుగురిలో నిలదీస్తే కొన్నాళ్లయినా చెయ్యెత్తడు. ఆ పని నీ కౌన్సెలింగ్ చేయగలదా?

మేనకోడలు: చేయలేదు. ఊళ్లో మీ మాటకున్న బరువు మాకు లేదు. కానీ ఆమెను అడక్కుండా మొగుణ్ణి పిలిస్తే, మీ ముందు తలొంచుకుని, ఇంటికెళ్లాక ఊళ్లో నా పరువు తీశావని ఆ రాత్రే మళ్లీ కొడతాడు. ముందు ఆమెనడగండి: ‘అతనితో మాట్లాడమంటావా? మాట్లాడితే నీకేమవుతుంది?’ ఆమె వద్దంటే వద్దు. ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి తప్పు చెరిసగం అని తేల్చడం ఇలాంటి చోట అసలు పనికిరాదు. ఆడవాళ్ల సాయానికి 181 అని ఒక నంబరుందని, 2005 గృహహింస చట్టం కింద అదే ఇంట్లో ఉండే హక్కు ఉందని ఆమె చెవిన వేయండి. సర్దుకుపోవాలో వద్దో ఆమె తేల్చుకుంటుంది.

మావయ్య: చట్టాలు చదివితే మా ఊళ్లో నేనుండలేను.

మేనకోడలు: ఒకటి మాత్రం తప్పదు. ఒక సండే స్కూలు పిల్ల వచ్చి, ఇంట్లోనే ఎవరో తనతో చేస్తున్న పాడు పని అత్తయ్యకు చెప్పిందనుకోండి.

మావయ్య: పెద్దల్ని పిలిచి ఇంటి గుట్టు ఇంట్లోనే చూసుకుంటాం. పిల్ల బతుకు బజారున పడేయమంటావా?

మేనకోడలు: 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లెవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. అందుకే ఎవరు వచ్చినా ‘నా కంఠంలో ప్రాణం ఉండగా ఎవరికీ చెప్పను’ అని మాటివ్వకండి. పసిపిల్లలకో, ఎవరి ప్రాణానికో ముప్పుంటే చెప్పాల్సినవాళ్లకు చెబుతానని ముందే అనండి. పిల్లల సహాయ నంబరు 1098కి కూడా ఫోన్ చేయొచ్చు.

మావయ్య: అలాగంటే ఎవరూ ఏమీ చెప్పరు.

మేనకోడలు: కొందరు చెప్పరు. ఒప్పుకుంటాను. కానీ పెద్దలు పంచాయితీ చేస్తున్న ఆ రాత్రి ఆ పిల్ల ఎక్కడ పడుకోవాలి మావయ్యా? అదే ఇంట్లోనే కదా.

మావయ్య: సంఘం చీలిపోతుంది. నీకు తెలీదు. ఒక్క ఫిర్యాదుతో రెండు మందిరాలవుతాయి.

మేనకోడలు: అవుతాయేమో.

మావయ్య: ఈ సంగతి మనిద్దరం ఇవాళ తేల్చుకోలేం. ఇంకొకటి చెప్పు. ఆసుపత్రికి వెళ్లు అని చీటీ రాసిస్తే మావాళ్లు వెళ్లరు. కూలీ పోతుంది, బస్సు చార్జీ అవుతుంది, వెళ్లాక ఏ గదో తెలీదు. పిచ్చి డాక్టరు దగ్గరికి పోయాడని ఊరంతా అంటారు. ఏ వారం ఏ డాక్టరు కూర్చుంటాడు, ఓపీ చీటీ ఎన్నింటిదాకా ఇస్తారు, లోపలికెళ్లి ఎవరి పేరు చెప్పాలి, అవి కావాలి నాకు. మొదటిసారి నేనే వెంట వస్తాను. నువ్వు బదిలీ అయి వెళ్లిపోతే ఇంకెవర్ని అడగాలో అదీ రాసివ్వు. తెలుగులో రాయి, గుండ్రంగా.

మేనకోడలు: ఇవాళే రాసిస్తాను. మందులు సర్కారు ఆసుపత్రిలో ఉచితమని కూడా అందులో రాస్తాను.

మావయ్య: ఫెలోషిప్పు సెక్రటరీకి ఫోన్ చేసి నువ్వొస్తున్నావని చెబుతాను. ముందు ఏలీయా నేను చెబుతాను, తర్వాత నువ్వు. ముగ్గురు ముగ్గుర్ని కూర్చోబెట్టి ఒకడు చెప్పడం, ఒకడు వినడం, ఒకడు చూడడం అదేదో చేయిస్తారటగా, అది చేయించు. మావాళ్లు అయిదు నిమిషాలు నోరు మూసుకుని కూర్చోవడం నాకూ చూడాలనుంది. ఆ పోక్సో మాత్రం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎత్తు. పొద్దున్నే ఎత్తితే లేచి వెళ్లిపోతారు.

మేనకోడలు: భోజనాలయ్యాక సగం మంది ఎటూ వెళ్లిపోతారు మావయ్యా. పొద్దున్నే ఎత్తుతాను.